పెట్టకముందు తీసిన గారెలు

మాది జూలూరుపాడు. ఒక పక్క పత్తి, మిర్చి చేలు, ఇంకో పక్క అడవి. కోయలు, లంబాడాలు, మిగతా కులాలవాళ్లు, ముస్లింలు, మా క్రైస్తవులు అందరం ఒకే సంతకు పోతాం. నేను సంఘపెద్దను కాబట్టి, పండుగ దగ్గర పడుతుందంటే చర్చి కుర్రాళ్లు నా చుట్టూ చేరతారు. ప్రసాదం తినొచ్చా తాతా, చందా ఇయ్యొచ్చా తాతా అని. వాళ్లకు నేను చెప్పేవి ఇవి.

1. ప్రసాదం సంగతి కొత్తది కాదు. కొరింథులో గుళ్లో బలిచ్చిన మాంసమే అంగడికి వచ్చేది. పౌలు ఒక్క ముక్కలో తేల్చలేదు. అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది బలిచ్చినదని ఎవరైనా చెబితే మాత్రం, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. కాబట్టి సంక్రాంతికి పక్కింట్లో చేసిన సకినాలు వేరు, ముత్యాలమ్మ ముందు పెట్టి తెచ్చింది వేరు. రెండో దాన్ని వద్దనడానికి మొహం ముడుచుకోనక్కర్లేదు. మా ఇంటామె ఎదురింటామెతో అననే అంటుంది: "అక్కా, అమ్మోరికి పెట్టింది మేం తినం. పెట్టకముందు తీసిన గారెలుంటే నాలుగియ్యి." ఇప్పుడు ఆమె ముందే తీసి, మూత పెట్టి ఉంచుతుంది. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కేకు పోతుంది. వాళ్లకు శనివారం గుడ్డు తినని నియమం ఉంటుంది, అందుకని గుడ్డు వేయనిది విడిగా చేస్తాం. ఒకరి పట్టింపును ఒకరు గుర్తుపెట్టుకోవడంలో ఎంత మర్యాద ఉందో, అన్నీ కలిపి తినేయడంలో అంత లేదని నాకనిపిస్తుంది.

2. చందాతో చిక్కే. బొడ్రాయి పండుగ వస్తే ఇంటింటికీ ఇంతని వేస్తారు. విగ్రహానికి, పూజకు నేనివ్వను. ఆ రోజు వచ్చే ఆడబిడ్డలకు నీళ్లు, వీధి లైట్లు, మోరీల శుభ్రం, వీటికి ఇస్తాను. ఏ లెక్కలో రాస్తున్నారో అడిగి మరీ ఇస్తాను. మా పాస్టర్లలో కొందరు ఇదీ తప్పేనంటారు. అననీ. రోమా పత్రిక 14వ అధ్యాయం ఇలాంటి తగువుల కోసమే ఉంది.

3. మన పండుగల్లో మనదెంతో లెక్క చూసుకుని మాట్లాడాలి. యేసు పుట్టిన తేదీ సువార్తల్లో లేదు. డిసెంబరు 25 రోమ్‌లో నాలుగో శతాబ్దంలో స్థిరపడింది. మా వాకిట్లో ఆ రోజు ముగ్గు పడాల్సిందే, దాన్ని ఏ మిషనరీ తేలేదు. కట్టడాల్లోనూ అంతే, దోర్నకల్ వెళ్లి కెథెడ్రల్ చూడండి. 1912లో బిషప్ అయిన అజరయ్య గారు కట్టించారు, 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు. ఆంగ్లికన్ సభలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, ఇంగ్లండు చర్చికి నకలు కట్టించుకోవాలనుకోలేదు.

ఇంకోటి. కోయ గూడేల్లో కొత్త పండుగ చేయకుండా కొత్త ధాన్యం నోట పెట్టుకోరు. దాన్ని అడవి మూఢనమ్మకమని మావాడొకడు నవ్వాడు. లేవీయకాండం 23వ అధ్యాయం తీసి చదవమన్నాను. మొదటి పన దేవునికి తెచ్చేదాకా కొత్త గింజ తినొద్దని అక్కడా ఉంది. దేవుడు వేరు, నేనొప్పుకుంటాను. పంట ఒకరిచ్చిందే అన్న ఎరుక మాత్రం రెండు చోట్లా ఉంది. మా కోత పండుగలోనూ అదే ఎరుకతో గుమ్మడికాయను వేలం వేస్తాం. పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్లీ వేలానికే పెడతాడు. ఒక్క కాయ అరడజను చేతులు మారుతుంది.

4. మైకులో ఎదుటివాళ్ల దేవుణ్ని తిట్టొద్దు. పౌలు బోధ మీద ఎఫెసు పట్టణంలో అంత అల్లరి జరిగినా, వీళ్లు మన దేవిని దూషించలేదని పట్టణపు అధికారే పౌలు స్నేహితుల తరఫున చెప్పాడు. మన ఊరి సర్పంచి మన గురించి ఆ మాట చెప్పగలడా?

5. కాగితం మీద హిందువు, ఆదివారం క్రైస్తవుడు అని ఎవర్నీ ఎత్తిపొడవొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన మాల, మాదిగలకు ఎస్సీ హోదా ఉండదు. మన దగ్గర వాళ్లను బీసీ-సీలో వేస్తారు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. అదే కోయవాడు బాప్తిస్మం తీసుకున్నా ఎస్టీయే. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరికి రెండు న్యాయాలు. పిల్లల సీటు, ఉద్యోగం ముందు పెట్టుకుని తండ్రి రాసిన కాగితాన్ని బట్టి అతని విశ్వాసాన్ని తూచడం నాకు చేతకాదు.

6. అన్న గుడికి, తమ్ముడు చర్చికి పోయే ఇళ్లు మా దగ్గర తక్కువేం కాదు. పండుగలు ఎట్లాగో గడిచిపోతాయి. తండ్రి పోయిన రోజే అసలు పేచీ. కాల్చాలా, పూడ్చాలా? పిట్టకు పెట్టేటప్పుడు తమ్ముడు నిలబడాలా? తండ్రి ఏ నమ్మకంలో బతికాడో ఆ పద్ధతిలోనే సాగనంపాలని, తంతుకు దూరంగా ఉన్నా పాడె మోయడానికీ ఖర్చులో సగానికీ తమ్ముడు వెనకాడకూడదని నేనంటాను. ఇదంతా ముసలాయన మంచం మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటుండగానే అడగాలి. చాలామంది నవ్వుతూనే చెబుతారు. అడగడానికి మొహమాటపడేది కొడుకులే.