మరుగుదొడ్డి ముంచిన జలాంతర్గామి

పిల్లలూ! శత్రువు బాంబు కన్నా ముందే, తనలోని ఒక గొట్టం వల్ల ఓడిపోయిన జలాంతర్గామి కథ చెబుతాను, వినండి. మీరు తరగతిలో చదివే పాఠాలు రెండు ఇందులో ఉన్నాయి.

దాని పేరు యు-1206. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ నిర్మించింది. పొడవు సుమారు 67 మీటర్లు. 1944 మార్చిలో నౌకాదళంలో చేరింది. 1945 ఏప్రిల్‌లో, కార్ల్ అడాల్ఫ్ ష్లిట్ నాయకత్వంలో, 50 మంది సిబ్బందితో నార్వే తీరం నుండి యుద్ధయాత్రకు బయలుదేరింది.

ఏప్రిల్ 14న అది స్కాట్లండ్ తీరానికి సమీపంలో, సుమారు 60 మీటర్ల లోతున ఉంది. నీటిలో ప్రతి 10 మీటర్లకూ పీడనం దాదాపు ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. అంటే బయటి నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 6 కిలోగ్రాముల బరువుతో నొక్కుతోందన్నమాట! దాన్ని ఎదిరించి మలినాలను బయటికి నెట్టాలంటే మరుగుదొడ్డి కవాటాలను సరైన వరుసలో తెరవాలి, మూయాలి. ఆ రోజు ఆ ఏర్పాటు విఫలమైంది. సముద్రపు నీరు లోపలికి చిమ్మింది.

నీటిని తోడేస్తే సరిపోదా అంటారా? అసలు ప్రమాదం నేల కింద ఉంది. డీజిల్ ఇంజను నడవాలంటే గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడిది? అందుకే మునిగినప్పుడు జలాంతర్గామి బాటరీలతో నడిచేది. ఆ బాటరీల అరలోకి నీరు దిగింది. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్ ఉంటుంది కదా! దానిగుండా విద్యుత్తు ప్రవహించి, విద్యుద్విశ్లేషణ జరిగి, ధనధ్రువం వద్ద క్లోరిన్ వెలువడింది. ఈ విషవాయువు ఊపిరితిత్తులలోని తడితో కలిసి ఆమ్లాలుగా మారి కణజాలాన్ని దెబ్బతీస్తుంది.

ఇక మంచి గాలి కోసం పైకి రాక తప్పలేదు. పైకి రాగానే శత్రు విమానాల కంటపడింది, దాడి జరిగింది. చివరకు నావికులే తమ నౌకను ముంచేశారు. నలుగురు మరణించారు. మిగిలిన 46 మంది బందీలయ్యారు. ఐరోపాలో యుద్ధం ముగియడానికి అప్పటికి నెల రోజులైనా లేదు! 1970ల్లో చమురు గొట్టపు మార్గం కోసం సముద్రగర్భాన్ని పరిశీలిస్తుండగా దాని శిథిలాలు బయటపడ్డాయి.

చూశారా! పీడనం, విద్యుద్విశ్లేషణ పరీక్ష కోసం మాత్రమే చదివే పాఠాలు కావు. ఉప్పునీటిలో విద్యుత్తు ప్రయోగం ఎన్నడూ మూసిన గదిలో, ఒంటరిగా చేయకండి.

ఇప్పుడు మీ వంతు: 90 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా నీరు ఎంత బరువుతో నొక్కుతుంది? ఇంట్లో ఇన్వర్టర్ బాటరీకి స్వేదనజలమే ఎందుకు పోస్తారు? ఆలోచించండి.