పెరటిలో తెల్లని క్లెమాటిస్ తీగ

చలిదేశాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఒక చిన్న వెలితి ఉన్నది. పూజకు పెరటి నుండి తెల్లని పూలు కోసుకొని వచ్చే భాగ్యం లేదు. మల్లె, నందివర్ధనం వంటివి ఇక్కడి మంచుకు ఆరుబయట బ్రతకవు. కుండీలలో పెంచి, శీతాకాలం రాగానే ఇంటిలోనికి మోసుకొని రావలసినదే. కొన్ని సంవత్సరాల క్రితం ఏప్రిల్‌లో మా అమ్మ తెనాలి నుండి న్యూజెర్సీలోని మా ఇంటికి వచ్చినప్పుడు ఈ వెలితిని గుర్తు చేసినది. చలికి తట్టుకొని ఏటేటా పూచే తెల్లపూల తీగ కొరకు వెదకి, హెన్రియై అనే క్లెమాటిస్ మొక్కను తెచ్చి నాటాను. అప్పుడు చేసిన పొరపాట్లు, వాటి వెనుక ఉన్న శాస్త్రం పాఠకులకు ఉపయోగపడగలవని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పుట్టుపూర్వోత్తరాలు

క్లెమాటిస్ ప్రజాతిలో సుమారు 300 జాతులు ఉన్నాయి. మన తూర్పు కనుమలలోనూ చిన్న పూలు పూచే క్లెమాటిస్ గౌరియానా అనే అడవితీగ పెరుగుతుంది. మనం వంటలో వాడే నల్లజీలకర్ర, ఆయుర్వేదంలో విషద్రవ్యంగా పేరు పొందిన వసనాభి కూడా ఈ కుటుంబానికి చెందినవే. పెద్దపూల రకాలకు మూలం చైనా. 1850లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే వృక్షసేకర్త అక్కడి నుండి లానుజినోసా అనే జాతిని ఇంగ్లండుకు పంపాడు. దాని సంకరం వలన ఎడిన్‌బరోలో ఐజాక్ ఆండర్సన్ హెన్రీ తోటలో పుట్టినదే హెన్రియై. పూవు వెడల్పు 6 నుండి 8 అంగుళాలు. నడుమ ముదురు గోధుమరంగు కేసరాలు. కేసరాలు కూడా లేతరంగులో ఉండాలని కోరేవారు ఫ్రాన్స్‌లో పుట్టిన మారీ బ్వాసెలో రకాన్ని ఎన్నుకోవచ్చు.

మనం రేకులని భావించేవి నిజానికి ఆకర్షణపత్రాలు కావు, రక్షకపత్రాలు. వాటి తెల్లదనానికి కారణం తెల్లని రంగుపదార్థం కాదు. కణాల మధ్య నున్న గాలి వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొట్టడమే. మంచు తెల్లగా కనపడడానికీ ఇదే కారణం.

నాటే విధానం

రోజుకు ఆరు గంటలైనా ఎండ తగిలే చోటు కావాలి. వేళ్ళ వద్ద నేల మాత్రం ఎండిపోకూడదు. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గొయ్యి త్రవ్వి, మట్టిలో బాగా మాగిన ఎరువు కలపాలి. ముఖ్యమైన సూత్రం ఇది: కుండీలో ఉన్న మట్టం కంటె రెండు మూడు అంగుళాలు లోతుగా నాటాలి. కాడ మీది కణుపులు కొన్ని మట్టిలో ఉండవలెను. ఇతర మొక్కలను ఇట్లా నాటితే మొదలు కుళ్ళే ప్రమాదమున్నది. క్లెమాటిస్‌కు మాత్రం అదే రక్ష. నేను ఈ సంగతి తెలియక, మల్లెను నాటినట్లే పైపైన నాటాను.

క్లెమాటిస్‌కు సున్నం వేయాలని తోటమాలులు తరచు చెబుతారు. మట్టిని పరీక్షించకుండా వేయకూడదు. పీహెచ్ 6.5 నుండి 7.5 వరకు ఉన్న నేలలో ఈ తీగ చక్కగా పెరుగుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము నీటిలో కరిగే పరిమాణం వెయ్యవ వంతుకు పడిపోతుంది. అందువలన సున్నం ఎక్కువైతే నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి.

ఈ తీగకు నులితీగలు లేవు. ఆకు కాడయే ఆధారాన్ని చుట్టుకొంటుంది. డార్విన్ 1865లో ప్రకటించిన ఎగబ్రాకే మొక్కల అధ్యయనంలో క్లెమాటిస్ కాడలను వివరంగా పరిశీలించాడు. ఆధారం పెన్సిలు కంటె లావుగా ఉంటే కాడ పట్టుకొనలేదు. లావుపాటి గుంజలు పాతినవారు వాటికి సన్నని తీగెలు కట్టాలి.

కత్తిరింపు

హెన్రియై మొదటి పూత నిరుటి కొమ్మల మీదనే వస్తుంది. శీతాకాలంలో మొదలంటా నరికివేస్తే ఆ పూతను కోల్పోతాము. చలి తగ్గుముఖం పట్టే ఫిబ్రవరి చివర లేక మార్చిలో ఎండిన కొమ్మలను తీసివేసి, బలహీనమైన వాటిని లావుపాటి మొగ్గల జత పైవరకు కత్తిరిస్తే చాలు. వేసవి చివర క్రొత్త కొమ్మల మీద రెండవ పూత వస్తుంది.

వడలు తెగులు

జూన్ మొదట మా తీగకు ఐదు మొగ్గలు వచ్చాయి. అమ్మ ప్రతి ఉదయం లెక్కపెట్టేది. ఒక నాటి ఉదయం చూస్తే తీగ అంతా తల వ్రేలాడవేసి, రెండు రోజులలో నల్లబడినది. నీరు పోస్తే లాభం లేకపోయినది. పెరికివేయడానికి పార పట్టుకొన్నాను. అమ్మ అడ్డుపడి, "వేరు చచ్చిందని ఎవరు చెప్పారురా? కాడ కోసేసి ఊరుకో. మన పెరట్లో జాజితీగ ఎన్నిసార్లు మోడై చిగిర్చలేదు?" అన్నది.

ఆమె మాటే శాస్త్రసమ్మతం. ఈ తెగులును కలిగించే శిలీంధ్రం పేరు కాలోఫోమా క్లెమాటిడినా. అది కాడలోని నీటినాళాలను మూసివేస్తుంది. వేరును సాధారణంగా చంపదు. పెద్దపూల రకాలకే దీని బెడద ఎక్కువ. తెగులు తగిలిన కాడలను నేలమట్టానికి కోసి, కంపోస్టులో వేయకుండా పారవేయాలి. లోతుగా నాటిన తీగ మట్టిలోని కణుపుల నుండి మరల చిగురిస్తుంది.

ఒక హెచ్చరిక

ఆ కాడలు కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకొనలేదు. ప్రయోగశాలలో తొడుగులు లేనిదే సీసా ముట్టని నాకు, మణికట్టు మీద ఎర్రని మంట, పొక్కులు వచ్చాయి. క్లెమాటిస్‌లో రానన్‌క్యులిన్ అనే గ్లూకోసైడు ఉన్నది. ఆకు నలిగినప్పుడు ఎంజైము వలన అది విడిపోయి గ్లూకోజు, ప్రోటోఅనిమోనిన్ ఏర్పడతాయి. ఈ రెండవ పదార్థమే చర్మాన్ని మండిస్తుంది. ఎండిన కొలదీ దాని అణువులు రెండేసి కలిసి, అంతగా హాని చేయని అనిమోనిన్‌గా మారుతాయి. కనుక పచ్చి కాడలతోనే జాగ్రత్త అవసరం. పసిపిల్లలను ఆకులు నోట పెట్టుకొననీయకూడదు. పూవును దేవుని పటం వద్ద ఉంచవచ్చును గాని, తీర్థపు పాత్రలో వేయరాదు.

జూలై చివర మోడు నుండి రెండు చిగుళ్ళు వచ్చాయి. సెప్టెంబరులో ఆ మొక్కను వేరుమట్టితో సహా లేపి, మూడు అంగుళాలు లోతుగా తిరిగి నాటాను. అక్టోబరులో అమ్మ తెనాలి వెళ్ళిపోయినది. మరుసటి జూన్‌లో తొమ్మిది పూలు పూచాయి. ఫోటో పంపితే, "నేను చెప్పలేదూ!" అని జవాబు వ్రాసినది. మీ తీగ మొదటి సంవత్సరం వడలిపోయిన ఎడల, పార తీసే ముందు ఒక్క ఋతువు వేచి చూడండి.