నడిచి వెళ్తుంటే బండి గుద్దిందా? మీ హక్కులు, మీకు అందే సాయం

రోడ్డు పక్కన నడుస్తున్న మనిషిని బండి గుద్దిందంటే చుట్టూ మూగిన జనం ముందు అడిగేది "తప్పెవరిది?" అని. చట్టం అలా మొదలుపెట్టదు. ముందు వైద్యం, తర్వాత పోలీసు కాగితం, ఆ తర్వాతే తప్పొప్పుల లెక్క. ఈ వరుస తెలియకే ఎంతోమంది కూలీలు, తోపుడు బండ్లవాళ్లు, తెల్లవారుజామున పాల కేంద్రానికి నడిచి వెళ్లే ఆడవాళ్లు తమకు రావాల్సిన డబ్బు వదులుకుంటున్నారు.

ఆస్పత్రిలో

108కి, 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాల్సిన బాధ్యత గుద్దిన డ్రైవరుదే. డ్యూటీలో ఉన్న డాక్టరు కాగితాల కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టాలి. "పోలీసులు వస్తేగానీ ముట్టుకోం" అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. మిమ్మల్ని తీసుకొచ్చిన దారినపోయే మనిషిని పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదు. సాయం చేసినందుకు ఆయన మీద కేసు పెట్టకుండా 134ఏ సెక్షన్ కాపాడుతుంది.

2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ నగదు రహిత వైద్య పథకం అమల్లో ఉంది. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, ఆ రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1.5 లక్షల రూపాయల దాకా ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో వైద్యం ఉచితం. అయితే అది ప్రమాదం వల్ల తగిలిన దెబ్బేనని పోలీసుల నుంచి ధ్రువీకరణ కావాలి. 112కి వెంటనే ఫోన్ చేయమనడం అందుకే.

ఆస్పత్రిలో "జారిపడ్డాం" అని మాత్రం రాయించకండి. డ్రైవరు బతిమాలాడనో, కేసంటే భయపడో కొందరు అలా చెబుతారు. చేర్చుకున్నప్పుడు రాసిన ఆ ఒక్క ముక్కే తర్వాత బీమా కంపెనీ వకీలు చేతిలో ఆయుధం అవుతుంది.

పోలీసు స్టేషన్‌లో

ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. సంతకం పెట్టే ముందు చదవండి, చదువు రాకపోతే చదివించుకోండి. మీరు మార్జిన్‌లో నడుస్తుంటే గుద్దాడు. కాగితంలో మాత్రం "రోడ్డు దాటుతుండగా" అని ఉంటుంది. ఒక్క మాటే తేడా. పరిహారం దగ్గరకు వచ్చేసరికి కొంత తప్పు మీ మీదికి తోసి, అంత మేర కోత వేయమంటారు. బండి నంబరు, పడిన చోటు, అక్కడ ఫుట్‌పాత్ ఉందా లేదా, వీధి దీపం వెలుగుతోందా, ఇవన్నీ ఎవరో ఒకరు ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచితే మంచిది.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని పదివేలో ఇరవైవేలో ఇప్పించి కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం మామూలే. ఆ పూట ఆస్పత్రి ఖర్చుకు అది పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. ఆర్నెల్ల తర్వాత కాలు సరిగా నిలవక కూలికి పోలేకపోతే ఆ పెద్దమనుషులు రారు, ఆ కాగితమే అడ్డం వస్తుంది. ఎంత నష్టం జరిగిందో డాక్టరు చెప్పకముందే రాజీపడకండి.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారా అని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకుండా అడగండి.

గుద్ది పారిపోతే

బండి దొరకలేదు కాబట్టి డబ్బు రాదనుకునేవాళ్లే ఎక్కువ. అది నిజం కాదు. గుర్తు తెలియని వాహనం గుద్దితే ప్రాణం పోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు ఇస్తారు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇది 25 వేలు, 12,500 మాత్రమే. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం లెక్కలో తీవ్ర గాయమే. ఆర్డీఓ లేదా తహసీల్దార్ స్థాయి విచారణాధికారికి ఫారం 1లో దరఖాస్తు పెట్టాలి. మంజూరు చేసేది జిల్లా కలెక్టర్. బండి నెల రోజుల్లోగా దొరక్కపోతే, ఈ పథకం గురించి బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కాగితం రాలేదని ఆగిపోకండి, ఎఫ్‌ఐఆర్, గాయాల ధ్రువపత్రం పట్టుకుని మీరే వెళ్లండి. తర్వాత ఎప్పుడైనా బండి దొరికి దాని బీమా సొమ్ము వస్తే ఈ మొత్తం తిరిగి కట్టాలి, అందుకు హామీపత్రం రాయించుకుంటారు.

బండి దొరికితే

ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. రెండు దారులున్నాయి. 164వ సెక్షన్ కింద తప్పెవరిదో నిరూపించక్కర్లేదు: మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు. 166వ సెక్షన్ కింద డ్రైవరు నిర్లక్ష్యాన్ని చూపించాలి, కానీ నిజంగా జరిగిన నష్టమంతా అడగొచ్చు. మొదటి దారిలో బీమా కంపెనీ ఇచ్చే మొత్తాన్ని ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లో మీ దావా అక్కడితో ముగిసిపోతుంది. చిన్న విరుగుడు అతుక్కుని మళ్లీ పనికి పోగలిగే మనిషికి అది చాలు. జీవితాంతం మిగిలే లోపం అయితే చాలదు.

లెక్క వేసి చూద్దాం. 38 ఏళ్ల తాపీ కూలీ, నెలకు 12 వేలు సంపాదన అనుకుందాం. కాలు దెబ్బతిని, పని చేసే శక్తి 40 శాతం పోయింది. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 లోపు వయసువారికి 40 శాతం కలుపుతారు, అంటే నెలకు 16,800, ఏడాదికి 2,01,600. అందులో 40 శాతం 80,640. ఆ వయసుకు కోర్టులు వాడే గుణకం 15. మొత్తం 12,09,600. ఆస్పత్రి ఖర్చులు, మంచాన పడి పోగొట్టుకున్న కూలి, పడిన బాధకు పరిహారం, వడ్డీ ఇవన్నీ దీనికి అదనం. 2.5 లక్షల కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ తేడా గుర్తుంచుకోండి.

వైకల్యం శాతం, పోయిన పని శక్తి ఒకటి కావు. ఎడమ చేయి పోతే ఆఫీసు గుమాస్తా ఉద్యోగం నిలవొచ్చు, వడ్రంగికి మాత్రం బతుకుతెరువే పోయినట్టని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. కాబట్టి వైకల్య ధ్రువపత్రంతో సరిపెట్టుకోకుండా, మీరు చేసే పని ఏమిటో, అందులో ఏది ఇక చేయలేరో వివరంగా చెప్పాలి. జీతం చీటీ లేకపోయినా ఫర్వాలేదు. కనీస వేతనాలను ఆధారం చేసుకుంటారు. ఇంటి పని చేసే గృహిణి శ్రమకూ విలువ కడతారు, "ఆమెకేం సంపాదన" అంటే చెల్లదు.

దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే పెట్టక్కర్లేదు, మీరుండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ పెట్టొచ్చు. వలస వెళ్లిన చోట దెబ్బ తగిలినవాళ్లకు ఇది పెద్ద ఊరట. గడువు 6 నెలలు. దాటిపోయిందని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి, ఈ గడువును సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ముందు న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

వకీలు ఖర్చు

మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆస్పత్రి వార్డుల్లో తిరుగుతూ "వచ్చినదాంట్లో మూడో వంతు మాది" అనేవాళ్లు కనిపిస్తారు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. మధ్యవర్తికైతే అసలు ఏ హక్కూ లేదు. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం వద్దు. సొమ్ము మీ ఖాతాలోనే పడేలా మీ పాస్‌బుక్ నకలే ఇవ్వండి. లోక్ అదాలత్‌లో రాజీ త్వరగా తేలుతుంది, కానీ ఆ తీర్పు మీద అప్పీలు లేదు. మొత్తం ఎంతో పక్కాగా విన్నాకే ఒప్పుకోండి.

పాస్‌బుక్ చేతిలో ఉండగానే ఇంకొకటి చూసుకోండి. ఏటా 20 రూపాయలు కోత పడుతుంటే మీకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నట్టే. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, శాశ్వతంగా ఒక కన్నో ఒక కాలో పోతే లక్ష. అది వేరు, పైన చెప్పిన పరిహారం వేరు. రెండూ అడగొచ్చు.