పొడుగు క్లబ్ పట్టగానే బంతి ఎందుకు మాట వినదు?

గోల్ఫ్ మీద తెలుగులో వ్యాసమా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో ఒక కోర్సు ఉంది, గచ్చిబౌలిలో ఒకటి, వైజాగ్‌లో ఒకటి ఉన్నాయి. మన కాలేజీలో కూడా ఆదివారం డ్రైవింగ్ రేంజికి వెళ్ళే బ్యాచ్ తయారైంది. వాళ్ళందరిదీ ఒకటే గోల. "మామా, సెవెన్ ఐరన్ అయితే గీత గీసినట్టు పోతుంది రా. త్రీ వుడ్ పట్టుకుంటే ఒకసారి బంతి నేలమీద పాకుతుంది, ఇంకోసారి బంతి కంటే ముందు మట్టి లేస్తుంది." ఈ మాట అన్న మావాడు ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ మొత్తం పెట్టి కొత్త వుడ్ కొనేద్దామని చూస్తున్నాడు. డబ్బు కట్టే ముందు వాడూ, వాడిలాంటి వాళ్ళూ ఇది చదవాలి.

ముందు కొలతలు. సెవెన్ ఐరన్ పొడవు సుమారు 37 అంగుళాలు, త్రీ వుడ్ 43 దగ్గర, డ్రైవర్ 45 దగ్గర ఉంటాయి. క్లబ్ పొడుగయ్యేకొద్దీ మనం బంతికి దూరంగా నిలబడతాం, స్వింగ్ కూడా అడ్డంగా పరుచుకుంటుంది. చిర్రగోనె ఆడినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పొట్టి కర్రతో బిళ్ళ తగిలినంత సులువుగా పొడుగు కర్రతో తగలదు. పైగా ముఖం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే బంతి 150 గజాల దగ్గర రెండున్నర గజాలు తప్పుతుంది, 230 గజాల దగ్గర నాలుగు గజాలు. అంటే సెవెన్ ఐరన్‌లో కూడా ఆ తప్పు ఉంది, కాకపోతే కనిపించట్లేదు అంతే.

ఇది నిజమైన సమస్యే. ఫిజిక్స్ చదివిన బ్రైసన్ డిషాంబో తన ఐరన్లన్నీ ఒకే పొడవులో, 37.5 అంగుళాలతో చేయించుకుని 2020 యూఎస్ ఓపెన్ గెలిచాడు. కానీ అతని డ్రైవర్ మాత్రం పొడుగుదే. మనకి అంత ఖర్చు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. బంతి పాకడం, ముందు మట్టి లేవడం, ఈ రెండూ వేరు వేరు తప్పుల్లా కనిపిస్తాయి. అందుకే మనవాళ్ళు ఒకరోజు ఒకదానికి మందు వేస్తారు, మర్నాడు రెండోదానికి. చాలాసార్లు రెండింటి వేరు ఒక్కటే. క్లబ్ తల ఒక వంపులో కిందికి వచ్చి పైకి పోతుంది కదా, ఆ వంపులో అన్నిటికంటే కింది బిందువు బంతి వెనక పడుతోంది. అప్పుడు క్లబ్ నేలకి తగిలితే మట్టి లేస్తుంది. ఒకసారి అలా తగిలిందా, తర్వాతి బంతికి ఒళ్ళు తెలియకుండానే పైకి లేస్తుంది. ఇక క్లబ్ బంతి నెత్తిమీద తగులుతుంది. అదే బగ్, రెండు ఎర్రర్ మెసేజులు.

ఆ బిందువు వెనక్కి ఎందుకు జారుతుంది? బంతిని మనం లేపాలి అన్న భయం వల్ల. త్రీ వుడ్ ముఖం చదునుగా కనిపిస్తుంది కాబట్టి కింద నుంచి ఎత్తిపోయాలనిపిస్తుంది, బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. కానీ ఆ ముఖంలో సుమారు 15 డిగ్రీల వాలు ఉంది, లేపే పని అది చూసుకుంటుంది. నేలమీదున్న బంతిని వుడ్‌తో కూడా కొంచెం కిందికే కొట్టాలి. టీ మీద పెట్టిన డ్రైవర్ బంతి ఒక్కటే పైకి లేస్తూ తగిలినా పర్లేదు, మంచిది కూడా.

కాబట్టి బంతి లేకుండా మొదలుపెట్టండి. గడ్డి మీద సుద్దతో గీత గీసి, ఆ గీత మీద పది స్వింగులు వెయ్యండి. గీత మీదో, గీతకి అవతల టార్గెట్ వైపో క్లబ్ నేలని తాకాలి. సెవెన్ ఐరన్‌తో పదికి ఎనిమిది వచ్చాకే ఫైవ్ ఐరన్, ఆ తర్వాతే వుడ్. రేంజిలో ప్లాస్టిక్ మ్యాట్‌ని మాత్రం నమ్మొద్దు. బంతి వెనక తగిలిన క్లబ్ మ్యాట్ మీద జారిపోయి బంతిని బాగానే పంపిస్తుంది, నేలమీదైతే అదే దెబ్బకి మట్టి లేస్తుంది. మ్యాట్ తప్ప దిక్కు లేకపోతే బంతి వెనక బెత్తెడు దూరంలో పల్చటి తువ్వాలు పరచండి. వుడ్‌కి ఇంకొంచెం వెనక్కి జరపండి. తువ్వాలు కదిలిందంటే దొరికిపోయినట్టే.

నిలబడే తీరు కూడా చూసుకోవాలి. కుడిచేతి వాటం వాళ్ళయితే సెవెన్ ఐరన్ బంతి పాదాల మధ్యలో, త్రీ వుడ్ బంతి ఎడమ మడమకి ఒకట్రెండు బంతుల లోపల, డ్రైవర్ బంతి ఎడమ మడమకి ఎదురుగా. వుడ్ బంతిని డ్రైవర్ చోటులోనే పెట్టేవాళ్ళు మన బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు, పేర్లు చెప్పను. ముఖం మీద టాల్కం పౌడర్ చల్లి కొట్టండి. అచ్చు చివర వైపు పడితే ఎక్కువ దూరంగా నిలబడి ఉండొచ్చు, మడమ వైపు పడితే దగ్గరగానో, బరువు కాలివేళ్ళ మీదకు వెళ్ళో ఉండొచ్చు.

ఇంకొకటి, తొందర. పొడుగు క్లబ్ కనిపించగానే గట్టిగా కొట్టాలనిపిస్తుంది. కానీ వేగం అంటే వ్యాసార్థం ఇంటూ కోణీయ వేగం. వ్యాసార్థం పెరిగింది కాబట్టి అదే లయలో తిప్పినా క్లబ్ తల వేగం పెరుగుతుంది. జాన్ నొవోసెల్ 2004లో రాసిన 'టూర్ టెంపో' పుస్తకం ప్రకారం ప్రోల స్వింగులో వెనక్కి పోయే సమయం, కిందికొచ్చే సమయం దాదాపు 3:1లో ఉంటాయి. మన ఫోన్లో 30 ఫ్రేముల వీడియో తీసి లెక్కపెట్టుకోవచ్చు, 24కి 8 అలా. రెండు క్లబ్బులకీ వీడియో తీసి పోల్చండి. వుడ్‌తో నిష్పత్తి 2:1కి పడిపోతే భుజాలు తిరగకముందే చేతులు దూకుతున్నట్టు. అప్పుడు గ్రిప్ మీద చేతులు ఒక అంగుళం కిందికి జరిపి, ముప్పావు స్వింగుతో, బంతిని పొట్టి టీ మీద పెట్టి కొట్టండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలీదు.

రెండు వారాలు ఇలా చేశాక గీత మీద క్లబ్ సరిగ్గానే పడుతూ, పౌడర్ అచ్చు మాత్రం ఒకే చోట పక్కకి పడుతోందా? అప్పుడు క్లబ్ పొడవు, వాలు మీ ఎత్తుకి సరిపోతున్నాయో లేదో ఫిట్టర్‌కి చూపించండి.