ప్లే నొక్కేముందు: పాత టేప్ మెషీన్ల గురించి ఒక చిన్న పాఠం

మా తాతయ్య హరికథలు చెప్పేవారు. నేను పుట్టకముందే పోయారు. ఆయన గొంతు ఒకే ఒక్క స్పూల్ టేప్‌లో మిగిలింది. పోయిన సంక్రాంతికి అది అటక మీద దొరికితే, నేనూ అమ్మా ఒక షాపుకి తీసుకెళ్ళాం. వాళ్ళు మెషీన్ మీద దుమ్మైనా తుడవకుండా టేప్ ఎక్కించి ప్లే నొక్కేశారు. కీచుమని అరిచి ఆగిపోయింది. తీసి చూస్తే హెడ్ మీద గోధుమ రంగు జిగురు. అది ఉత్తి మురికి కాదు, అందులో కొంత తాతయ్య గొంతే అని తర్వాత తెలిసింది. అమ్మ ఏమీ అనలేదు. స్పూల్ తీసుకుని బ్యాగులో పెట్టేసుకుంది.

అప్పట్నుంచి దీని గురించి చదువుతున్నా. తెలుసుకున్నది మీకూ చెప్తా. చదువంతా ఇంగ్లిష్ మీడియమే, ఒత్తులు తప్పితే సర్దుకుపోండి.

టేప్‌లో ఏముంటుంది?

ప్లాస్టిక్ రిబ్బన్ మీద ఐరన్ ఆక్సైడ్ పొడిని జిగురుతో అంటిస్తారు. రికార్డ్ హెడ్ ఒక చిన్న విద్యుదయస్కాంతం. శబ్దాన్ని బట్టి ఆ పొడిని అయస్కాంతంగా మారుస్తుంది. మన ఫైళ్ళు ఎన్నిసార్లు కాపీ చేసినా అవే సున్నాలు, ఒకట్లు. టేప్ నుంచి టేప్‌కి కాపీ చేస్తే మాత్రం ప్రతిసారీ కొంచెం 'హిస్' పెరుగుతుంది. అందుకే ఒరిజినల్‌కి అంత విలువ.

జర్మనీలో ఏఈజీ కంపెనీ 1935లో మాగ్నెటోఫోన్ చూపించింది. యుద్ధం తర్వాత జాక్ ముల్లిన్ అనే ఇంజనీరు రెండు మెషీన్లను విడి భాగాలుగా అమెరికా పంపించుకున్నాడు. 1948లో ఆంపెక్స్ మోడల్ 200 వచ్చింది. స్విట్జర్లాండ్‌లో విల్లీ స్టూడర్ కంపెనీ మొదలైందీ అదే ఏడాది. బీటిల్స్ 1967 ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్' స్టూడర్ జె37 అనే నాలుగు ట్రాకుల మెషీన్ల మీద రికార్డయింది.

ఏది ఎంచుకోవాలి?

పేరు చూసి కాదు, పని చూసి. మూడు విషయాలు సరిపోవాలి: టేప్ వెడల్పు, ట్రాకుల సంఖ్య, వేగం. బ్యాండ్ మొత్తాన్ని విడివిడి ట్రాకుల్లో రికార్డ్ చేయాలంటే స్టూడర్ ఎ80 లాంటి 2 అంగుళాల, 24 ట్రాకుల మెషీన్ కావాలి. దాన్ని ఒక్కరు ఎత్తలేరు. ఫైనల్ మిక్స్‌కైతే పావు అంగుళం, రెండు ట్రాకులు చాలు. 2500 అడుగుల టేప్ సెకనుకి 15 అంగుళాల వేగంలో 33 నిమిషాలొస్తుంది, 30లో అందులో సగమే. టేప్ ఖర్చు లెక్కేసుకునేది ఇక్కడే.

ఇంట్లో రికార్డ్ చేసిన పాత స్పూల్స్ సాధారణంగా 3.75 లేదా 7.5 వేగంలో ఉంటాయి. రీవాక్స్ బి77లోనే 3.75/7.5 రకం ఒకటి, 7.5/15 రకం ఒకటి ఉన్నాయి. చూడకుండా కొంటే మెషీన్ బాగానే ఉంటుంది, మన టేప్ మాత్రం పాడదు.

కొనేముందు హెడ్ చూడండి. టేప్ రాసుకున్న చోట గోరుకి అంచు తగిలితే అరిగినట్టే. కొంచెం అరిగితే నిపుణులు సానబట్టి సరిచేస్తారు, బాగా అరిగితే మార్చాల్సిందే. సర్వీస్ మాన్యువల్, స్పేర్లు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. చాలా ఏళ్ళు వాడని మెషీన్‌ని నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు. ఎండిపోయిన కెపాసిటర్లు పొగ కక్కుతాయి. ముందు టెక్నీషియన్‌కి చూపించాలి.

ఎలా చూసుకోవాలి?

ఒకటి, శుభ్రం. టేప్ ఎక్కించే ప్రతిసారీ హెడ్లు, గైడ్లు, కాప్‌స్టాన్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో తుడిచి, ఆరనివ్వాలి. రబ్బరు పించ్ రోలర్ గట్టిపడి మెరుస్తుంటే టేప్ జారుతుంది, వేగం తప్పుతుంది.

రెండు, డీమాగ్నెటైజ్. మెషీన్ ఆఫ్ చేసి, టేపులన్నీ దూరంగా పెట్టాలి. డీమాగ్నెటైజర్‌ని దూరంలోనే ఆన్ చేసి మెల్లగా దగ్గరికి తేవాలి, మెల్లగానే వెనక్కి తీసుకెళ్ళి అప్పుడు ఆపాలి. దగ్గరుండగా ఆపితే హెడ్ ఇంకా అయస్కాంతమై కూర్చుంటుంది.

మూడు, కాలిబ్రేషన్. ముందు ప్లేబ్యాక్‌ని టెస్ట్ టేప్‌తో సరిచేసి, ఆ తర్వాతే రికార్డ్ వైపు బయాస్, లెవెల్ సెట్ చేస్తారు. కొలబద్దే తప్పైతే కొలతలన్నీ తప్పే కదా! డీబగ్గింగ్ చేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మరి మా స్పూల్?

1970, 80ల నాటి కొన్ని టేపుల్లో జిగురు గాలిలో తేమ పీల్చుకుని బంకలా మారుతుంది. కీచుమనడం దాని లక్షణమే. అలాంటివాటిని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే కొన్నాళ్ళపాటు ప్లే చేయడానికి పనికొస్తాయి. ఆలోపే డిజిటల్‌లోకి ఎక్కించేయాలి. కానీ అసిటేట్ టేప్‌ని అలా వేడి చేస్తే పాడైపోతుంది. స్పూల్‌ని వెలుతురుకి పట్టి చూస్తే అసిటేట్‌లోంచి కాంతి కనిపిస్తుంది, పాలిస్టర్‌లోంచి రాదు.

మాది పట్టి చూశా. కాంతి రాలేదు. కొంచెం ధైర్యం వచ్చింది. అయినా వేడి చేసే పని నేను చేయను, తెలిసినవాళ్ళ చేతికే ఇస్తా. ఈలోపు ఆ స్పూల్ పొడిగా ఉండే బీరువాలో, స్పీకర్లకి దూరంగా నిలబెట్టి ఉంది. అమ్మ వారానికోసారి అడుగుతోంది, "ఎప్పుడురా వినిపిస్తావ్?" అని.

మీ ఇంట్లోనూ అటక మీద ఇలాంటిది ఉందేమో చూడండి. దొరికితే మాత్రం, ప్లే నొక్కేముందు ఒక్క క్షణం ఆగండి.