తిమోతి ఎవరివాడు?

పాఠ్యభాగము: అపొ. కార్యములు 16:1–5, గలతీయులకు 2:1–5



లుస్త్ర పట్టణములో తిమోతి అను యౌవన శిష్యుడు ఉండెను. తల్లి విశ్వసించిన యూదురాలు. తండ్రి గ్రీసు దేశస్థుడు. లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరులు అతనినిగూర్చి మంచి సాక్ష్యము చెప్పిరి. అయినను ఆ ప్రాంతపు యూదులు అతని తండ్రి గ్రీసువాడను సంగతినే పట్టుకొనిరి. అవ్వయైన లోయి, తల్లియైన యునీకే చిన్ననాటినుండి నేర్పిన లేఖనములు వారి లెక్కలోనికి రాలేదు. గ్రీసువారి వీధిలో అతనిని యూదురాలి కొడుకనియే పిలిచియుందురు. రెండు జాతుల బిడ్డను చూచువారు తమకు పరాయిదైన సగమునే ముందు చూతురు.

ఈ చూపు చట్టమైనయెడల ఏమగునో దక్షిణాఫ్రికాలో కనబడినది. అచ్చట 1950లో ప్రతి మనిషిని ఏదో ఒక జాతిక్రింద వ్రాయు చట్టము వచ్చెను. ఎవడు తెల్లవాడు? చూపునకు తెల్లవాడుగా కనబడువాడు, లేక తెల్లవాడని నలుగురు ఒప్పుకొనువాడు. రెండు జాతుల సంతతివారిని కలర్డ్ అను గుంపులో చేర్చిరి. 1860 మొదలు మద్రాసు ఓడలమీద నేటాలు చెరకుతోటలకు వెళ్లిన కూలీలలో మన తెలుగువారును ఉండిరి గదా. వారి పిల్లలును ఆ పట్టీకి ఎక్కవలసివచ్చెను. సందేహము కలిగినచోట తలవెండ్రుకలలో పెన్సిలు గ్రుచ్చి, అది జారిపడునో నిలుచునో చూచిన అధికారులు కలరు. ఒకే ఇంటి అన్నదమ్ములు వేరు వేరు జాతులుగా వ్రాయబడిరి. 1966లో, తెల్లవారైన తల్లిదండ్రుల బిడ్డయగు పదేండ్ల బాలికను, చాయ నలుపని బడినుండి పంపివేసి కలర్డ్ అని మార్చిరి. మరుసటి యేడు చట్టము సవరింపబడి, తల్లిదండ్రుల జాతియే బిడ్డ జాతి అనగా, ఆమెను మరల తెల్లదని వ్రాసిరి. ఆ యేడాదిలో బిడ్డ ముఖము మారలేదు. ఆ చట్టము 1991లో రద్దాయెను.

దుఃఖకరమైన మాట యేమనగా, ఆ చట్టమునకు తొంబది యేండ్లు ముందుగానే సంఘము ఈ త్రోవ త్రొక్కెను. 1857లో కేపు ప్రాంతపు డచ్చి రిఫార్ముడు సంఘ సభ, అందరు కలిసి ఆరాధించుటయే వాక్యానుసారమని ఒప్పుకొనుచునే, కొందరి బలహీనత నిమిత్తము వేరుగా కూడుకొనవచ్చునని తీర్మానించెను. 1881లో కలర్డ్ విశ్వాసులకు వేరు సంఘమే యేర్పడెను. కొందరి బలహీనత! ఆ బలహీనులు ఎవరో, బయటికి పోవలసినవారు ఎవరో గమనించుడి.

పౌలు కూడ యూదుల బలహీనతనుబట్టి తిమోతికి సున్నతి చేయించలేదా అని ఎవరైన అడుగవచ్చును. మంచి ప్రశ్న. అన్యజనులకు సున్నతి అక్కరలేదను యెరూషలేము తీర్మానము అప్పుడు పౌలు చేతిలోనే ఉన్నది. ఊరూరను దానినే అప్పగించుచుండెను. రక్షణకొరకు కాదు, సమాజమందిరముల తలుపులు తిమోతికి తెరువబడుటకే అట్లు చేసెను. అదే పౌలు, సున్నతి లేనిదే చాలదని కపట సహోదరులు పట్టుబట్టినప్పుడు, గ్రీసువాడైన తీతు విషయములో గడియయైనను లోబడలేదు. ఒకచోట వంగెను, ఒకచోట వంగలేదు; రెండుచోట్లను మనిషి లోపలికే వచ్చెను. 1857 తీర్మానములోనైతే బలహీనులు తమ బల్లలమీదనే కూర్చుండిరి.

ఆ వేరుపరచబడిన సంఘమే 1982లో బెల్హారులో కూడి, జాతినిబట్టి సంఘమును చీల్చుట సువార్తకు విరోధమని విశ్వాస ప్రమాణము సిద్ధపరచి, 1986లో అంగీకరించెను.

మనకు కులము వేరు, వారి జాతిభేదము వేరు అనవచ్చును. కాని రెండు కులముల తల్లిదండ్రులకు పుట్టిన పిల్లకు సంబంధము వచ్చినప్పుడు, “ఎటువైపు లెక్కవేయుదుము, అయ్యగారూ?” అని నన్ను అడుగుచునే యున్నారు. బాప్తిస్మపు రిజిస్టరులో తల్లి పేరును తండ్రి పేరును ప్రక్కప్రక్కనే వ్రాసియున్నవి. అది తెచ్చి చూపుచుందును.

ఈ నెల గృహకూటములలో పై రెండు భాగములను కలిపి చదివి, తిమోతి సంగతిని, తీతు సంగతిని ప్రక్కప్రక్కన పెట్టి మాటలాడుకొనుడి. స్త్రీల కూటమువారు 2 తిమోతికి 1:5 కూడ చేర్చుకొనవలెను.