ఇంటి ఫైర్‌వాల్ కంప్యూటరు – మందగించిన అప్‌లోడ్: దోషనిర్ణయ పద్ధతి

ఉపోద్ఘాతము

మంచి వైద్యుడు రోగి ముఖము చూచినంతనే మందు వ్రాయడు. నాడి చూచును, జ్వరమును కొలుచును, అటుపిమ్మట రోగము ఎచ్చటనున్నదో నిర్ణయించును. యంత్రముల విషయమునను ఇదియే పద్ధతి. ఐనను యంత్రము మొరాయించినప్పుడు మనలో పలువురు కొలత మాని ఊహను ఆశ్రయింతుము. కంటికి ఎదురుగానున్న వస్తువుపై నేరము మోపుదుము. ఇంటిలో ఫైర్‌వాల్ కంప్యూటరు పెట్టుకొన్నవారికి డౌన్‌లోడ్ చక్కగా సాగుచు, అప్‌లోడ్ మాత్రము నత్తనడక నడచుట ఒక్కొక్కప్పుడు సంభవించును. అప్పుడు దోషమును ఏ క్రమమున వెదకవలెనో ఈ వ్యాసమున విద్యార్థులకు తెలియజేయ దలచినాము.

ఇది కేవలము యంత్రాభిమానుల ముచ్చట కాదు. విద్యార్థి వేతనపు దరఖాస్తునకు ధ్రువపత్రముల నకళ్లను, ప్రవేశ పరీక్షకు ఛాయాచిత్రమును, సంతకమును పంపవలసినవాడు విద్యార్థియే. 2020లో కరోనా వలన కళాశాలలు మూతపడినప్పుడు పాఠము వినుటకు డౌన్‌లోడ్ చాలినది; కాని సందేహమడుగుటకు, జవాబుపత్రము పంపుటకు అప్‌లోడ్ కావలసివచ్చినది. వినుటకు ఒక దారి, మాటాడుటకు వేరొక దారి. రెండవ దారి ఇరుకైనచో మన మాట గడువులోగా చేరదు. 2023 జనవరిలో భారత ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనమును సవరించి, కనీస డౌన్‌లోడ్ వేగమును సెకనుకు 2 మెగాబిట్లుగా నిర్ణయించినది. ఆ నిర్వచనము ప్రస్తావించినది డౌన్‌లోడ్ వేగమునే. కావున అప్‌లోడ్ సంగతి గృహస్థుడు తానే విచారించుకొనవలెను.

ఫైర్‌వాల్ అనగానేమి?

ఈ మాట భవన నిర్మాణమునుండి వచ్చినది. ఒక భాగమున అంటుకొన్న నిప్పు పక్క భాగమునకు ప్రాకకుండ కట్టెడు గోడకు ఆ పేరు. తెలుగులో నిప్పుగోడ యనవచ్చును. ఉర్దూ విద్యార్థులు ఆగ్‌కు అడ్డుగా నిలిచిన దీవార్‌గా భావింపవచ్చును. కంప్యూటరు రంగమున ఇది బయటి ఇంటర్నెట్టునకు, ఇంటిలోని యంత్రములకు నడుమ నిలిచి, వచ్చిపోవు ప్యాకెట్లను నియమములనుబట్టి పోనిచ్చు లేక ఆపు ద్వారపాలకుడు.

ఇందుకు ప్రత్యేక యంత్రమే కొననక్కరలేదు. రెండు నెట్‌వర్క్ కార్డులున్న సాధారణ కంప్యూటరు చాలును. ఒక కార్డును మోడెమునకు, రెండవదానిని ఇంటి స్విచ్చికి కలిపి, 2004లో ప్రారంభమైన పీఎఫ్‌సెన్స్, 2015లో వెలువడిన ఓపీఎన్‌సెన్స్ వంటి సాఫ్ట్‌వేరును ఎక్కించినచో అది ఫైర్‌వాల్ అగును. ఇంటినుండి పోవు ప్రతి ప్యాకెట్టును ఈ ద్వారము దాటియే పోవును. కావుననే ఆలస్యమైనప్పుడు మొదటి నింద ద్వారపాలకునిపై పడును. అనుమానము సహజమే, కాని అనుమానము నిరూపణము కాదు.

కొలత లేనిదే విచారణ లేదు

ముందుగా రెండు మానములను వేరుపరచుకొనవలెను. వేగమును బిట్లలో చెప్పుదురు. ఫైళ్ల పరిమాణమును బైట్లలో చెప్పుదురు. 8 బిట్లు ఒక బైటు. 25 మెగాబైట్ల ఫైలనగా 200 మెగాబిట్లు. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడున్నచో అది 20 సెకనులలోను, 1 మెగాబిట్ మాత్రమే యున్నచో 3 నిమిషముల 20 సెకనులలోను పోవలెను. ఆచరణలో మరికొంత అధికమగును. ఈ లెక్క తెలియక, సక్రమముగా నున్న కనెక్షనునే తప్పుపట్టువారు కలరు.

రెండవది, మనము తీసుకొన్న పథకములో అప్‌లోడ్ వేగమెంతయో చూడవలెను. పాత టెలిఫోను తీగపై వచ్చు ఏ.డి.ఎస్.ఎల్. కనెక్షను పుట్టుకతోనే అసమానమైనది. దాని తొలి ప్రమాణములో డౌన్‌లోడ్ సుమారు 8 మెగాబిట్ల వరకు ఉండగా, అప్‌లోడ్ సుమారు 1 మెగాబిట్ మాత్రమే. అట్టిచోట అప్‌లోడ్ తక్కువగా నుండుట రోగము కాదు, స్వభావము.

మూడవది, కొలుచునప్పుడు వైఫైని విడిచి తీగతో కలుపవలెను. ఒకే పరీక్షా సర్వరును ఎంచుకొని, ఇంటిలోని ఇతర యంత్రముల రాకపోకలను ఆపి, మూడు పర్యాయములు కొలిచి కాగితముపై వ్రాసికొనవలెను.

కొద్ది నష్టము – గొప్ప ఆలస్యము

దోషములను వెదకుటకు పూర్వము ఒక సూత్రమును గ్రహింపవలెను. ఫైళ్లను పంపుటకు సాధారణముగా వాడు టి.సి.పి. పద్ధతిలో, పంపిన ప్రతిదానికి అవతలివాడు రసీదు పంపును. రసీదు రానిచో పంపినవాడు ప్యాకెట్టు దారిలో పోయినదని తలచి మరల పంపును. అంతేగాక, దారిలో రద్దీ యున్నదని యెంచి తన వేగమును తగ్గించుకొనును.

ఈ మర్యాద ఊరక పుట్టినది కాదు. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు నడుమ సెకనుకు 32,000 బిట్లున్న వేగము 40 బిట్లకు పడిపోయినది. ఆ రెండు స్థలముల నడుమ దూరము 400 గజములే! పంపువారందరు పోయినదానిని మరల మరల పంపుచు రద్దీని తామే పెంచుకొనిరి. వాన్ జేకబ్సన్ ఈ సంగతిని పరిశీలించి, 1988లో ప్రకటించిన వ్యాసమున రద్దీని గుర్తించి వెనుకకు తగ్గు పద్ధతులను వివరించెను.

ఈ మర్యాదయే ఇంటిలో మనకు చిక్కు తెచ్చిపెట్టును. ఏలయనగా, ప్యాకెట్టు రద్దీ వలన పోయినదో, వదులైన తీగ వలన పోయినదో పంపువానికి తెలియదు. 1997లో మాథ్యూ మాథిస్, ఆయన సహచరులు ప్రకటించిన సూత్రమును బట్టి లెక్కించినచో, పోయివచ్చుటకు 50 మిల్లీసెకనులు పట్టు దారిలో నూటికి ఒక ప్యాకెట్టు పోయిన యెడల పాత పద్ధతి టి.సి.పి. ధార ఒకటి సెకనుకు 3 మెగాబిట్లనైన అందుకొనలేదు. పదివేలకు ఒకటి పోయినచో సుమారు 28 మెగాబిట్ల వరకు పోగలదు. కావున అప్‌లోడ్ 50నుండి 3కు పడిపోయినంత మాత్రమున పెద్ద దోషమే యుండవలెనని లేదు. నూటికి ఒక ప్యాకెట్టును జారవిడుచు చిన్న లోపము చాలును.

దారిని ఖండించి పరీక్షించుట

ఇప్పుడు పరీక్షా క్రమము. ఇంటి కంప్యూటరునుండి స్విచ్చికి, స్విచ్చినుండి ఫైర్‌వాల్‌కు, అచ్చటినుండి మోడెమునకు, మోడెమునుండి బయటకు – దారి ఇట్లున్నది. దీనిని ముక్కలుచేసి ఒక్కొక్క ముక్కను కొలువవలెను.

1. ఫైర్‌వాల్‌ను తప్పించి, ఒక కంప్యూటరును నేరుగా మోడెమునకు కలిపి కొద్ది నిమిషములు కొలువవలెను. ఆ కంప్యూటరులోని స్వంత ఫైర్‌వాల్ పనిచేయుచుండవలెను. ఇచ్చటను అప్‌లోడ్ మందముగనే యున్నచో దోషము మోడెములోనో, సేవాసంస్థ వద్దనో యున్నది. ఇంటి ద్వారపాలకుడు నిరపరాధి.

2. నేరుగా కలిపినప్పుడు వేగము సరిగా వచ్చినచో, ఇంటి కంప్యూటరునుండి ఫైర్‌వాల్ వరకు గల ముక్కను ఐపెర్ఫ్ వంటి కొలత సాధనముతో రెండు దిశలలోను కొలువవలెను. మందగమనము ఇచ్చటనే కనబడినచో లోపలి తీగ, స్విచ్చి, లోపలి కార్డు పరీక్షింపదగినవి.

3. లోపలి ముక్క బాగుగనున్నచో, మిగిలినవి ఫైర్‌వాల్ బయటి కార్డు, మోడెమువరకు గల తీగ, ఫైర్‌వాల్ అమరికలు.

ప్రతి పరీక్షకు ఒక్క మార్పే చేయవలెను. తీగను, అమరికను ఒకేసారి మార్చి వేగము పెరిగినదని సంతోషించువాడు దేనివలన పెరిగినదో చెప్పజాలడు. మరునాడు దోషము తిరిగివచ్చినచో మరల మొదటికే వచ్చును.

దోషస్థానములు

తీగ: 100 మెగాబిట్ల ఈథర్నెట్టులో పంపుటకు ఒక జత, పుచ్చుకొనుటకు వేరొక జత తీగలుండును. కొననున్న ప్లగ్గులో 1, 2 సంఖ్యల తీగలొక జత. 3, 6 మరియొక జత. ఒక జత దెబ్బతిన్నచో ఒక దిశ మాత్రమే చెడుట ఇందువలననే. ఫైర్‌వాల్ తన కార్డుల వద్ద దోషపూరిత ప్యాకెట్ల సంఖ్యను చూపును. అప్‌లోడ్ దోషములు మోడెము వైపు లెక్కలో తేలుటయు కలదు. ఆ సంఖ్య పెరుగుచున్నచో ముందు తీగను మార్చవలెను. అన్నిటికంటె చవుకైన చికిత్స ఇదియే.

డూప్లెక్సు పొరపాటు: రెండు కొనలు ఒకేసారి పంపుచు పుచ్చుకొనుచు నుండుట పూర్ణ డూప్లెక్సు, వంతులవారీగా పంపుట అర్ధ డూప్లెక్సు. ఒక కొనలో పూర్ణ డూప్లెక్సని స్థిరపరచి, రెండవ కొనను స్వయంనిర్ణయమునకు విడిచినచో, 100 మెగాబిట్ల తీగపై ఆ రెండవ కొన అర్ధ డూప్లెక్సునే ఎంచుకొనును. ఒకడు ఎప్పుడైనను మాటాడును, మరియొకడు వంతుకై వేచియుండును, మాటలు ఢీకొనును. లంకె వెలుగుచునే యుండును, చిన్న సందేశములు పోవుచునే యుండును, బరువు పడినప్పుడు మాత్రము వేగము కూలిపోవును. రెండు కొనలను స్వయంనిర్ణయముననే యుంచుట దీనికి పరిష్కారము.

ప్యాకెట్టు పరిమాణము: ఈథర్నెట్టుపై ఒక్క ప్యాకెట్టు సాధారణముగా 1500 బైట్లవరకు ఉండును. సేవాసంస్థ పి.పి.పి.ఓ.ఇ. పద్ధతిని వాడినచో అందు 8 బైట్లు దానికే పోయి 1492 మిగులును. డౌన్‌లోడ్ వేళ ఇంటినుండి పోవునవి చిన్న రసీదులు గనుక బాధ లేదు. అప్‌లోడ్ వేళ పెద్ద ప్యాకెట్లు పోవలెను. అవి దారిలో పట్టనప్పుడు 'తగ్గించి పంపుము' అను వార్త ఐ.సి.ఎం.పి. ద్వారా రావలెను. ఆ జాతి వార్తలన్నియు అపాయకరములని యెంచి నియమముతో ఆపివేసినచో, పంపువాడు సంగతి తెలియక పెద్దవానినే పంపుచుండును, అవి పోవుచుండును. విభజింపరాదను గుర్తుతో 1472 బైట్ల పింగును పంపి చూడవలెను. శీర్షికల 28 బైట్లు కలిసి 1500 అగును. అది పోక, 1464 పోయినచో దారి 1492దే. ఆ ఐ.సి.ఎం.పి. వార్తను పోనిచ్చుట, ఫైర్‌వాల్‌లో టి.సి.పి. ముక్క పరిమాణమును 1452కు పరిమితము చేయుట చికిత్సలు.

కార్డుకు అప్పగించిన పనులు: ప్యాకెట్టు సరిచూపు మొత్తమును గణించుట, పెద్ద సమాచారమును ముక్కలుచేయుట మున్నగు పనులను ప్రాసెసరు నేటి కార్డులకు అప్పగించును. కార్డు గాని, దానిని నడుపు డ్రైవరు గాని ఈ పనిని సరిగా చేయనిచో చెడిన ప్యాకెట్లు బయలుదేరును. ఒక కంప్యూటరులోపల కల్పిత యంత్రముగా ఫైర్‌వాల్‌ను నడుపువారికి ఈ చిక్కు ప్రసిద్ధము. ఈ అమరికలను ఒక్కొక్కటిగా ఆపి, యంత్రమును మరల ప్రారంభించి కొలువవలెను.

వేగ పరిమితి: ఫైర్‌వాల్‌లో అప్‌లోడునకు పరిమితి పెట్టు సౌకర్యము కలదు. పథకము 10 మెగాబిట్లున్నప్పుడు పెట్టిన పరిమితి, పథకము 50కి పెరిగిన పిమ్మటను అట్లే యుండిపోవచ్చును. అట్లని పరిమితి నిరర్థకము కాదు. అప్‌లోడ్ నిండినప్పుడు మోడెములో ప్యాకెట్లు బారులు తీరి, మాటలు ఆలస్యముగా చేరును. దీనిని బఫర్‌బ్లోట్ అందురు. 2012లో కాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అను వరుస నిర్వహణ పద్ధతిని ప్రకటించిరి. కొలిచిన అప్‌లోడులో నూటికి 90 పాళ్ల దరిదాపున పరిమితి నుంచి, ఈ పద్ధతిని జోడించినచో ఒకరు ఫైలు పంపుచుండగా వేరొకరు పాఠము వినగలరు.

ప్రాసెసరు శక్తి: ముసలి కంప్యూటరు అలసినదనుట సులభము. కాని సెకనుకు 90 మెగాబిట్ల డౌన్‌లోడును అవలీలగా మోయు యంత్రము, 20 మెగాబిట్ల అప్‌లోడును మోయలేదనుట యుక్తికి నిలువదు. వి.పి.ఎన్. గుప్తీకరణము గాని, చొరబాటు పరిశీలన గాని అప్‌లోడ్ దారిలో ప్రత్యేకముగా పెట్టియున్నప్పుడే ఈ శంకకు తావు. అప్‌లోడ్ చేయుచు ప్రాసెసరు భారమును చూచినచో సందేహము తీరును.

కాపలాను తొలగింపరాదు

గడువు దగ్గరపడి ఫైలు పోనప్పుడు, ఫైర్‌వాల్‌ను పీకివేసి శాశ్వతముగా నేరుగా కలుపుకొనవలెనను ఆలోచన పుట్టును. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లగును. నేరుగా కలుపుట కొలతకొరకు మాత్రమే. కొలత ముగియగనే ద్వారపాలకుని తన చోట నిలుపవలెను. ఇంటిలోని ఫోనులు, కెమెరాలు, పిల్లల కంప్యూటరులు ఆ ద్వారము వెనుకనే యున్నవని మరువరాదు. పైన చెప్పిన దోషములలో ఏ ఒక్కదానికిని కాపలాను తీసివేయుట చికిత్స కాదు: తీగను మార్చవలెను, అమరికను దిద్దవలెను, నియమమును సవరింపవలెను.

ఉపసంహారము

విద్యార్థులారా! ఈ వ్యాసములోని సంఖ్యలు మీకు గుర్తుండకపోవచ్చును, యంత్రములును మారిపోవును. కాని పద్ధతి నిలుచును. ముందు కొలువుడు, దారిని ఖండించి ఏ ఖండమున దోషమున్నదో చూడుడు, ఒకసారికి ఒక్క మార్పే చేయుడు, ఫలితమును వ్రాసికొనుడు, నిరూపణ లేనిదే ఎవరిపైనను నేరము మోపకుడు. నిజము నిలకడమీద తెలియునని పెద్దలు చెప్పిన మాట మనుష్యులకే కాదు, యంత్రములకును చెల్లును. మరియొక మాట: పరిష్కారము దొరకువరకు గడువు ఆగదు గనుక, దరఖాస్తును చివరి దినమునకు విడువక, ముందుగనే పంపుడు.